వంతెన మీద రైలు, నదిలో రూపాయి బిళ్ళ

12 నవంబర్ 2006, ఆదివారం

ఈరోజు నా బుల్లి రైలు ప్రాణహితలో పడింది. తలచుకుంటే ఇప్పటికీ నవ్వు ఆగడం లేదు.

మా ఊరు సిరోంచకు రైలు ఎలాగూ రాలేదు కదా అని, ఏడాదిగా ముందుగదిలో బల్ల మీద నేనే ఒక న్యారోగేజ్ బొమ్మ రైలు లైను వేసుకుంటున్నాను. వేలెడంత ఇంజను, వెనక మూడు పెట్టెలు. అల్లపల్లి టేకు ముక్కలతో వంతెన కట్టాను. దాని కింద నీలం రంగు వేసి, నిన్ననే పైన వార్నిషు పూసి ప్రాణహితను పారించాను. మరిది ఇచ్చిన వీడియో కెమెరా రేపు సాయంత్రం తిరిగి ఇచ్చేయాలి. అందుకే ఒక్క చుట్టయినా రైలు ఆగకుండా తిరుగుతుంటే వీడియో తీస్తే చాలనుకున్నాను.

నాలుగోసారికి అంతా కుదిరింది. ఇంజను వంతెన ఎక్కింది. పక్కనే నిలబడి చూస్తున్న అత్తమ్మ కొంగుముడి విప్పి, కళ్ళకద్దుకుని రూపాయి బిళ్ళ విసిరింది. అది ఇంజనుకు తగిలి రైలంతా నదిలో పడింది.

"అయ్యో అత్తమ్మా, గిదేంది!" అని అరిచాను.

"గంగ దాటేటప్పుడు పైస ఎయ్యకుంట ఎట్ల పోతరు బిడ్డా? లోపల కూసున్నోళ్లకు కిటికీ తియ్యరాదాయె. వాళ్ల తరఫున నేనే ఏసిన."

నా కోపం ఎటు పోయిందో! మళ్ళీ తీస్తే ఈసారి చక్కగా వచ్చింది. బిళ్ళ మాత్రం ఆరని వార్నిషులో అతుక్కుపోయింది. వీడియోలో ఇంజను కన్నా పెద్దగా మెరుస్తోంది. చూసినవాళ్ళు ఏమంటారో...

నా బెంగ అది కాదు. అత్తమ్మ అంత నమ్మకంగా ఎవరి తరఫున బిళ్ళ వేసిందో, ఆ పెట్టెల్లో ఒక్క మనిషీ లేడు. రేపు కెమెరా ఇచ్చేలోపు అగ్గిపుల్లలతో నలుగురినైనా చేసి ఎక్కించాలి.