నీ గొంతు వినాలని మీ అమ్మ వచ్చింది

సుబ్బులక్కా,

ఎల్లుండి నీ సంవత్సరీకం. ఇయ్యాళ మీ అమ్మ దుత్తలూరులో బస్సెక్కి, ఆత్మకూరులో దిగి, ఎవుర్నో దోవ అడుగుతా మన రేడియో స్టేషన్‌కి వచ్చింది. మన రేడియో మీ ఊరి దాకా అందదు గదా. నీ ప్రోగ్రాం ఆమె ఒక్కసారి కూడా వినలేదంట. "నా బిడ్డ గొంతు వినిపించు అబ్బయ్యా" అనింది.

నువ్వు మాట్లాడినవన్నీ కంప్యూటర్‌లో ఉండాయి. రికార్డింగ్ అయినాక వాటిని సరిచేసింది నేనే. నీ దగ్గు, మధ్యలో ఆపుకోలేని నవ్వు, మాట గుర్తురాక "అదేందబ్బా" అని తడుముకోవడం, అన్నీ తీసేసినాను. ఒక్కటి మిగిలినా నువ్వు ఊరుకునేదానివి కాదు. "రేడియోలో నీట్‌గా ఉండాల రా" అనేదానివి. తీసేసిన ముక్కలు ఎవురు దాస్తారు?

మినుముకొచ్చే పల్లాకు తెగులు గురించి నువ్వు చెప్పింది పెట్టినాను. మీ అమ్మ హెడ్‌ఫోన్స్ రెండు చేతుల్తో అదిమి పట్టుకుని, కళ్లు మూసుకుని, చివరంటా వినింది. తర్వాత వాటిని తీసి నా చేతికిచ్చింది.

"ఈ పాప ఎవురో గానీ బాగా చెప్పింది. ఇంక మా సుబ్బులుది పెట్టు అబ్బయ్యా."