పుటాఫ్ పెళ్లి

నిడదవోలు, మే 1898

చిరంజీవి బావమరిది రాజరత్నానికి జ్ఞానప్రకాశం దీవెనలు.

గురువారం నీ మేనకోడలు ప్రసన్నకుమారికి మీ ఊరి ఏసురాజుతో పెళ్లి కదా. ఇంకా తెలుగు రాని కొత్త మిషను దొరగారు ఇవాళ ఇంగ్లీషు చీటీ పంపారు. పెళ్లి పుటాఫ్ అట. బడిపంతులు లాజరు చదివాడు గానీ అర్థం తెలియదన్నాడు. ఇక్కడి రైలు స్టేషన్లో దీపాలార్పమనడానికి పుటాఫ్ అంటారు. పెళ్లి ఆర్పేయమనా? కచేరీ గుమాస్తావి, నువ్వే చెప్పాలి.

ఇట్లు, నీ బావ.

తా.క. మీ అక్క ఏడుస్తోంది. అర్థం తెలిశాక ఏడవమంటే వినడం లేదు.

రాజమండ్రి

పూజ్యులైన బావగారికి రాజరత్నం వందనాలు.

కంగారు పడకండి. నాకు ఇంగ్లీషు కొట్టిన పిండి. పుటాఫ్ అంటే ఒంటి మీదది తీసేయడం. మా దొర కచేరీకి రాగానే కోటు పుటాఫ్ చేస్తాడు. మిషను దొరలకు నగలు గిట్టవు. పిల్ల నగలు తీయించి నిశ్చింతగా పెళ్లి చెయ్యండి. నాకు సెలవు దొరకలేదు.

విధేయుడు, రాజరత్నం.

తా.క. అక్కయ్య ముక్కుపుడక కూడా తీయించండి. దొర పట్టింపు మనిషిలా ఉన్నాడు.

రాజమండ్రి, గురువారం

బావగారికి వందనాలు.

ఇవాళ ఏసురాజు బజారులో మామిడిపండ్లు బేరమాడుతూ కనిపించాడు. "పెళ్లి వదిలేసి ఇక్కడేంటయ్యా?" అన్నాను. "దొరగారికి జ్వరమండి. వచ్చే నెలకి పుటాఫ్ చేశారు కదండీ" అన్నాడు. ఆ మాటకు వాయిదా అనే అర్థం కూడా ఉందట. నేను చెప్పింది తప్పు కాదు, దొర వాడిన అర్థం వేరు.

విధేయుడు, రాజరత్నం.

తా.క. నగలు మళ్లీ పెట్టుకోవచ్చు.

నిడదవోలు

రాజరత్నానికి దీవెనలు.

నీ ఉత్తరం శనివారం అందింది. గురువారం ఊరంతా వచ్చింది, పెళ్లికొడుకు తప్ప. బోసి మెడతో కూర్చున్న పిల్లను చూసి జనం గుసగుసలు మొదలుపెట్టారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అప్పుడు లాజరు లేచి, "మీకు సమ్మతమైతే అమ్మాయిగారిని నేను చేసుకుంటానండి. నగలతో పనిలేదండి" అన్నాడు. పిల్లనడిగితే "మీ ఇష్టం నాన్నగారూ" అంది. అది ఏ మాటకీ ఇంత త్వరగా ఒప్పుకోగా నేను చూడలేదు. పాదిరి ఏసుపాదం గారు ప్రార్థన చేసి, పెళ్లి నిశ్చయమైనట్టు ప్రధానం జరిపించారు. అందరూ కడుపునిండా భోంచేశారు. ఏసురాజుకు నువ్వే నచ్చజెప్పాలి.

ఇట్లు, నీ బావ.

తా.క. నీ ఉత్తరం ఇంట్లో చదివి వినిపించాను. పుటాఫ్ అంటే వాయిదా అని అమ్మాయికి ముందే తెలుసట. బడిలో లాజరే నేర్పాడట. "మరి చెప్పలేదేంటమ్మా?" అన్నాను. "మీరు మామయ్యని అడిగారు గానీ నన్నడగలేదు కదండీ" అంది.