లేస్తున్న నేల మీద దీక్షిత

బిషాన్, సింగపూర్

చిరంజీవి దీక్షితకు అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ నాన్నా క్షేమం, మా కాళ్ల కింద నేల కూడా కుదురుగానే ఉంది. అక్కడ ఇటలీలో నువ్వూ, నీ నేలా ఎలా ఉన్నారో రాయి. ఫోన్‌లో అయితే మధ్యలోనే విసుక్కుంటావని ఉత్తరం రాస్తున్నాను. నాన్న మోకాలి నొప్పి తగ్గింది. గోంగూర పచ్చడి పంపుతున్నాను.

కిందటి ఉత్తరంలో, ఆ పొజ్జువోలి ఊళ్లో నేలను కొలిచే పనిలో ఇంకో ఏడాది ఉండనా అని అడిగావు. దానికి చివర్లో జవాబిస్తాను. నేల ఎందుకు లేస్తుందో నీకు అర్థమైందా అమ్మా అని కూడా అడిగావు. అర్థమైందే! ఎంత బాగా అంటే, ఆదివారం భోజనానికొచ్చిన పక్క బ్లాకు రాధకు బిర్యానీ గిన్నె ముందు పెట్టుకుని పాఠం చెప్పాను.

దమ్ముకు పెట్టేటప్పుడు ఆవిరి పోకుండా మూత చుట్టూ పిండి అతికిస్తాం కదా, ఇదీ అంతే. మీ దగ్గర పాత అగ్నిపర్వతం కూలి పెద్ద పల్లమైంది, దాని అడుగున ఇంకా వేడి ఉంది. ఆ వేడికి లోపలి నీళ్లు ఆవిరవుతాయి, పైనున్న గట్టి రాతిపొర వాటిని పోనివ్వదు. ఒత్తిడి పెరిగి నేల పొంగుతుంది. రాయి కొంతవరకు వంగుతుంది, ఆపైన పగులుతుంది. ఆ పగులే భూకంపం. ఒక్కోసారి లోతుల్లోంచి కరిగిన రాయే తోసుకొస్తుంది. అక్కడ పొంగిస్తున్నది ఆవిరా, కరిగిన రాయా, రెండూనా అన్నది ఇంకా తేలలేదు. రాయి బరువు, ఆవిరి తేలిక. ఆ తేడా పట్టేది, నేల కింది బరువు కొలవడానికి నువ్వు చూసుకునే యంత్రం. చూశావా, ఒక్క ముక్క తప్పలేదు!

రాధ అంతా విని, "అదంతా ఓకే సీతా, పిల్లని ఆ మూత మీద కూర్చోబెట్టి నీకెట్లా నిద్ర పడుతుంది?" అంది. పట్టడం లేదు. అసలు సంగతి అదే.

ఇంత పాఠం నాకెవరు చెప్పారనుకున్నావు? అక్కడ నీ పని చూసే మీ మేడమే. కోప్పడకు. స్కూల్లో నిన్ను ఫ్యాన్ కింద కూర్చోబెట్టమని టీచర్‌కు ఫోన్ చేసినట్టే ఆవిడకూ చేశాను, అత్యవసరానికని నువ్విచ్చిన నంబరుకే. మా పాపకు ఇంకో ఏడాది ఇవ్వకండి, ఇంటికి పంపెయ్యండి అని బతిమాలాను. నీకు తెలియకుండా నీ పనిలో వేలు పెట్టాను.

ఆవిడ కసురుకోలేదు. నేల సంగతంతా ఓపిగ్గా చెప్పి చివర్లో, "ప్రమాదం లేదని నేను చెప్పను. మొన్న నేల కదిలినప్పుడు అందరం బయటికి పరిగెత్తాం, మీ అమ్మాయి కూడా. తెల్లారాక యంత్రం దగ్గరికి ముందుగా వచ్చింది మాత్రం తనే," అన్నారు.

ఆ కదలిక గురించి నువ్వు నాకు చెప్పలేదు. చెల్లుకు చెల్లు.

ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. కాసేపటికి గర్వంతో కాలు నిలవలేదు. నిన్న మళ్లీ చేసి, నేనడిగింది మర్చిపొమ్మన్నాను. ఆవిడ నవ్వారు. ఆవిడ చేతిలో ఏమీ లేదట, అమ్మ జవాబు వచ్చాకే సంతకం పెడతానని నువ్వే కాగితాలు ఆపావట.

పెట్టు తల్లీ. డిసెంబరులో నేనూ వస్తున్నాను, టికెట్ కూడా కొన్నాను. నిన్ను వెనక్కి తెచ్చుకోవడానికి కాదు. ఆ పొంగిన నేల మీద నీ పక్కన ఒకసారి నిలబడాలి.

ఇట్లు,
ఈసారి నేల కదిలితే ముందుగా నీ నోటే వినాలనుకునే
మీ అమ్మ,
సీతాదేవి