నా లారీ అమ్మకం

సెప్టెంబర్ 25, ఉదయం 6.00
తీర్మానం: లారీ అమ్మేస్తాను! 1961 నాటి ఇంటర్నేషనల్ కంపెనీ బండి. నాన్న కొన్నది, నేను ముప్పై ఏళ్లు ఉన్ని మూటలు తోలినది. నా భార్య నోలీన్‌కి తుంటి ఆపరేషన్ ఉంది. మా అమ్మాయి జానెల్ బెండిగోలో ఆస్పత్రి పక్కనే మెట్లు లేని చిన్న ఇల్లు చూసింది. ఒక్క కారు పట్టే జాగా. అక్టోబర్ 12న మారాలి.
"ఆ రోజుకి లారీ పోకపోతే నేనొక్కదాన్నే పోతాను" అంది నోలీన్.
అదెంత పని! వారం చాలు. ప్రకటన ఇచ్చేశాను. శభాష్ మెర్వ్!

సెప్టెంబర్ 27
మొదటి బేరం: గడ్డం ఆయన. కాఫీ బండి చేస్తాడట. పక్కన కిటికీ కోసి కేకులు అమ్ముతాడట! గేటు దాకా సాగనంపాను.
రెండో బేరం: మర్యాదస్తుడు, డబ్బు చేతిలో ఉంది. కానీ నెత్తిన ఫోర్డ్ కార్ల కంపెనీ టోపీ. మా ఇంట్లో మూడు తరాలుగా దాని బద్ధశత్రువు హోల్డెన్ కార్లే. "ఇంకా ఆలోచిస్తున్నామండీ" అన్నాను.
నోలీన్ కిటికీలోంచి అంతా చూసింది. తెర లాగేసింది. అదే భయం.

సెప్టెంబర్ 30
కడిగాను, మెరిసేలా తుడిచాను. కొనేవాడి కోసమే. పాత బండ్లకి ఇచ్చే పర్మిట్ పుస్తకంలో ఏడాదికి నలభై ఐదు గళ్లు. రోడ్డెక్కే ప్రతి రోజూ ముందుగా ఒక గడి నింపాలి. ఇంకా ఆరున్నాయి. బోలెడు!

అక్టోబర్ 2
నది దాకా వీడ్కోలు షికారు. ఆహా, ఆ గేర్ల చప్పుడు!

అక్టోబర్ 3, 4, 5, 6, 7
వీడ్కోలు. (నిన్న సరిగ్గా కుదరలేదు.)

అక్టోబర్ 8, ఆదివారం
బాతర్స్ట్ కార్ల పందెం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా టీవీ ముందే. ఇప్పుడు హోల్డెన్లే లేవు, ఏదో ఊరికే తిరుగుతున్నాయి. అయినా చూడాలి కదా.
ఫోన్ నాలుగుసార్లు మోగింది. ఐదోసారి నోలీన్ ఎత్తింది. "కోహునా ఊరి నుంచి డూలన్ అనే ఆయనట, లారీ కోసం. వాళ్ల నాన్న కూడా ఇలాంటి లారీయే తోలాడట. నీకంటే పిచ్చోడిలా ఉన్నాడు."
"ఇంకా ఇరవై చుట్లున్నాయి. రేపు రమ్మను!"

అక్టోబర్ 9
డూలన్ బంగారం లాంటి మనిషి. ఇంజన్ శబ్దం వినగానే కళ్లు తుడుచుకున్నాడు. హోల్డెన్ వాడే!
"ఒక్కసారి రోడ్డు మీద తోలి చూద్దామా?" అన్నాడు.
పుస్తకం తెరిచాను. ఖాళీ గళ్లు లేవు. ఆరింటికి ఆరూ నేనే తగలేశాను. కొత్త పుస్తకం వచ్చేది నవంబర్‌లో. తోలి చూడకుండా కొననన్నాడు. తప్పేముంది? నేనైనా అదే అంటాను.
"దానికి ఆరు వీడ్కోళ్లు చెప్పావు. గురువారం నాకు ఒక్కటైనా చెబుతావా?" అంది నోలీన్.

అక్టోబర్ 12, గురువారం
జానెల్ కారు తెచ్చింది. మా పొలంలో తిరగడానికి గడి అక్కర్లేదు. "గేటు దాకా లారీలో దింపుతాను, ఎక్కు" అన్నాను నోలీన్‌తో. బతిమాలాను కూడా.
చేతికర్ర జానెల్‌కిచ్చి పాదం ఎత్తింది. మెట్టుకి సగం దూరంలో ఆగిపోయింది.
"కాలు ఎక్కదు మెర్వ్. పోయిన చలికాలం నుంచీ ఎక్కడం లేదు. నువ్వు బానెట్ కింద తలపెట్టి ఉన్నావు, చూడలేదు."
సిగ్గేసింది. చాలా సిగ్గేసింది. కారు తలుపు నేనే వేసి సాగనంపాను. ఇంట్లోకి వెళ్తే కెటిల్ ఎక్కడుందో కూడా తెలియలేదు.

అక్టోబర్ 13, ఉదయం 6.00
తీర్మానం: లారీ ఈరోజే అమ్మేస్తాను. ఒట్టు! డూలన్‌ని నిద్రలేపాను. "ట్రైలర్ మీద ఎక్కించి తీసుకుపోయి, మీ జాగాలోనే తోలి చూడండి. నచ్చకపోతే వెనక్కి పంపండి." పదకొండుకి వస్తానన్నాడు.
8.30
నోలీన్ ఫోన్. "అమ్మేశావా?"
"దాదాపు."
"లారీ పక్కనే నిలబడి మాట్లాడుతున్నావు కదూ?"
"ఛ, లేదు" అన్నాను. అబద్ధం కాదు. లారీ లోపల కూర్చున్నాను.