ద్రాక్షారిష్టానికి లైసెన్సు

8 ఏప్రిల్ 1957, సోమవారం

పండ్లు తోముకునే పొడి కంపెనీవాడు ఏటా పంపే డైరీ ఈ రోజు చేతికందింది, మూడు నెలలు గడిచిపోయాక. పోనీ, తెల్లకాగితం వదిలేయడం నాకు చేతకాదు. ఇది ఎవరూ చదవరు కాబట్టి ఉన్నదున్నట్టే రాస్తాను.

అదే టపాలో ఒక నోటీసూ వచ్చింది. ఈ నెల ఒకటో తేదీ నుంచి కొత్త చట్టమట. తమంతట తామే పులిసే ఆయుర్వేదపు మందులు, అంటే అరిష్టాలు, ఆసవాలు చేసేవాళ్ళంతా లైసెన్సు తీసుకోవాలట. మద్రాసువాళ్ళ కాలం నుంచి బళ్ళారిలో మద్యనిషేధం. మైసూరులో కలిసి నాలుగేళ్ళు కావస్తున్నా అది పోలేదు. కౌల్ బజారులో మూలికల అంగడి నాదే గాని, ఇంట్లో ద్రాక్షారిష్టం చేసేది నా భార్య వాసవాంబ. ముప్పై నాలుగేళ్ళుగా ఏడాదికి రెండు జాడీలు పెడుతుంది. వీధిలో ఏ బాలింతకైనా ఊరికే ఇస్తుంది.

నోటీసు చదివి వినిపించాను. నేనేమన్నా సారాయి కలుపుతాండానా, ద్రాక్షపండ్లే చేసుకుంటాండాయి, లైసెన్సు వాటికే ఇమ్మనండి అంది.

సాయంత్రం మోకాలినొప్పికి మామూలుగా రెండు ఔన్సులు పుచ్చుకున్నాను. ఆ నొప్పి 1941లోనే పోయింది. ఆమెకు చెప్పలేదు.

19 ఏప్రిల్

ఫారం నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషు. పులియబెట్టే వ్యాట్లు ఎన్ని, సారా కాచే స్టిల్ ఉందా, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఇట్లాంటివి. మా వ్యాట్లు వెనకగదిలో ఊకలో పూడ్చిన రెండు జాడీలు. మూతికి ఆమె పాత చీర ముక్క చుట్టి మట్టితో మెత్తింది.

పాళ్ళు రాయాలి. చెప్పమన్నాను. ఎండుద్రాక్ష, బెల్లం, ధాతకీపువ్వు, పిప్పళ్ళు, నాగకేసరాలు అని వరసగా చెప్పింది. పువ్వు ఎంత అంటే పిడికిలి చూపించింది. పిడికిలిని తులాల్లో రాయమంటే ఎట్లా? తక్కెడ తెచ్చి, పిడికిలి నింపి పోయమన్నాను. మూడుసార్లు పోసింది. మూడుసార్లూ ఒకే తూకం. నా అంగడి గుమాస్తాకు ఇరవై ఏళ్ళలో ఆ చెయ్యి రాలేదు. గర్వంగా అనిపించింది, పైకి మాత్రం ఊఁ అన్నాను.

పద్నాలుగో కాలమ్: మామూలు పానీయంగా తాగడానికి వీలైనదా? కాదు అని రాసి, మోకాలు ఒకసారి తడుముకున్నాను.

ఈ ఏటి జాడీల్లో ఒకటి మా కూతురు పంకజాక్షికి. ఆషాఢంలో రెండో కాన్పు. మొదటి కాన్పప్పుడు వాసవాంబకు టైఫాయిడ్ వచ్చి, పిల్ల ఆదోనిలో అత్తగారింట్లోనే కనింది. ఆ ఏడు ఇంట్లో జాడీ పెట్టలేదు. అరిష్టం లేక పంకజ మూడు నెలలు మంచం దిగలేదు. ఆ మాట ఇప్పటికీ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

2 మే, గురువారం

ఇన్‌స్పెక్టర్ విరూపాక్షయ్య వచ్చాడు. నలభై దాటలేదు. గుమ్మం దగ్గరే బూట్లు విప్పాడు, వాసవాంబకు అక్కడే సగం నచ్చాడు. ఆయన వచ్చేసరికి వీధి ఆడవాళ్ళంతా మా వసారాలో కూర్చుని ఉన్నారు. సాక్ష్యం చెప్తామని వాళ్ళంతట వాళ్ళే వచ్చారు.

ఎట్లుంటాదమ్మా ఇది అని పాలు పోసే కొట్రమ్మను అడిగాడు. ఎట్లుంటాదేంది సామీ, కాన్పు లేకపోయినా తాగల్ల అనిపిస్తాది అంది కొట్రమ్మ. పూలమ్మే హులిగెమ్మ ఊరుకుంటుందా. తన మూడో కాన్పుకు ఈయమ్మ సీసా ఇస్తే మొగుడు దొంగచాటుగా సగం తాగేసినాడని, పాయసం పక్కన పెట్టి ఇదే తాగొచ్చని చెప్పింది. తక్కినవాళ్ళు అవునవునన్నారు. పొగిడితే పని జరిగిపోతుందనుకున్నారు పాపం. ఆపమని నేను కళ్ళతో సైగ చేస్తే, ఇంకా చెప్పమంటున్నాననుకుని కొట్రమ్మ మళ్ళీ అందుకుంది.

ఇన్‌స్పెక్టర్ ఒక చెంచా తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇంకొక చెంచా అడిగాడు. అది కూడా తాగి, పెన్ను మూత పెట్టేసి, తుంబా చెన్నాగిదె శెట్టరే, అదే తొందర అన్నాడు కన్నడంలో, చాలా బాగుంది, అదే చిక్కు అని. మందు ఎవరైనా రెండో చెంచా అడుగుతారా, నేనే అడిగినా గదప్పా అన్నాడు. ఆయన మొహంలో నిజంగానే బాధ కనిపించింది.

నిషేధం ఉన్న జిల్లాలో జనం ఇష్టపడి తాగేదానికి ఆయన లైసెన్సు రాయలేడు. పాళ్ళు మార్చి చూపిస్తే మళ్ళీ చూస్తాడట. 28న వస్తాడు. అప్పటికీ ఇట్లే ఉంటే జాడీలు కాలవలో పోయించాలి. అంతవరకు ఎవరికీ చుక్క కూడా ఇవ్వబోమని నా చేత సంతకం పెట్టించుకున్నాడు.

3 మే

సాయంత్రం గ్లాసు రాలేదు. మోకాలు బాగానే ఉంది.

7 మే

నేలవేము కలుపుదామన్నాను. చేదెక్కితే పానీయం కాదు, గుణం ఎక్కడికీ పోదు. నా అంగడిలో రెండు బస్తాలు ఉంది. వాసవాంబ నన్ను తేరిపార చూసింది. నా అరిష్టంలో నేలవేమా అంది.

11 మే

చారులో ఉప్పు లేదు. అడక్కుండా తినేశాను.

16 మే, గురువారం

నా అంత బుద్ధిహీనుడు ఈ బజారులో లేడు.

మధ్యాహ్నం కొట్రమ్మను, హులిగెమ్మను అంగడికి పిలిచి పాఠం చెప్పాను. ఇన్‌స్పెక్టర్ అడిగితే చేదు అనాలి, వగరు అనాలి, గొంతు దిగదు అనాలి. హులిగెమ్మ వల్ల కాలేదు. నా మూడో బిడ్డకు పాలు పడింది దాంతోనే, నోరెట్ల వస్తాది శెట్రే అంది. కొట్రమ్మ మాత్రం మొహం చిట్లించి, థూ, యాడన్నా మనిషి తాగేదేనా ఇది అని బ్రహ్మాండంగా అనేసింది. నేను భేష్ అన్నాను. అప్పుడు తలుపు చప్పుడైంది. మజ్జిగ చెంబుతో వాసవాంబ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు.

చెంబు బల్ల మీద పెట్టి ఇంట్లోకి వెళ్ళిపోయింది. కొట్రమ్మ వెనకే పరిగెత్తి కాళ్ళు పట్టుకుంది. వాసవాంబ ఆమెను లేపి పసుపు కుంకుమ ఇచ్చి పంపింది. నాకేమీ ఇవ్వలేదు. గోడ వైపు తిరిగి పడుకుని, ఒక కాగితం కోసం నా చేతిపని థూ అనిపించుకోవల్లనా, కాలవలో పోయనీండి అంది. ఆమె ఏడవడం మా పెద్దాడు పోయినప్పుడు చూశాను, మళ్ళీ ఇదే.

21 మే

పంకజాక్షి ఆదోని నుంచి వచ్చింది. మొహం పాలిపోయింది. పాదాలు వాచి ఉన్నాయి. వాసవాంబ ఆ పాదాలు ఒళ్ళో పెట్టుకుని నూనె రాస్తూ కూర్చుంది. చాలాసేపు.

24 మే, ఉదయం 5.30

వెనకగదిలో దీపం కనిపించి వెళ్ళాను. నా అంగడి నేలవేమే, నన్ను అడగకుండానే తెచ్చుకుంది. దంచి, గుడ్డమూట కట్టి, తాడుతో జాడీలోకి దించుతోంది. చిటికెనవేలు ముంచి నాలుక మీద వేసుకుంది. చాలలేదు. ఇంకొక మూట దించింది. మళ్ళీ రుచి చూసి మొహం చిట్లించింది.

వద్దని అందామనుకున్నాను. పేరు పోతే పోయె, బిడ్డకు కావల్ల గదా అని ఆమే అంది. రెండో జాడీకి తాడు నేను పట్టుకున్నాను. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆమెను ఇంత ఇష్టంగా ఎప్పుడు చూశానో జ్ఞాపకం లేదు. చెప్పడం రాక, తాడు గట్టిగా పట్టుకున్నానా అని అడిగాను. తిక్కమనిషి అంది.

28 మే, మంగళవారం

ఇన్‌స్పెక్టర్ ఒక చెంచా తాగి నీళ్ళు అడిగాడు. ఇంకొంచెం పుచ్చుకోండి అని వాసవాంబ చెంచా ముందుకు పెట్టింది. ఆయన రెండు చేతులూ జోడించాడు. సాక్షులతో పని పడలేదు. పానీయం కాదు అని రాసి సంతకం చేశాడు.

సందు చివరి దాకా ఆయనతో నడిచాను. నేను చేసింది రూల్ ప్రకారం సరే శెట్టరే, కాని మా ఇంట్లో చెప్పితే నాకు అన్నం పెట్టరు అన్నాడు.

18 జూన్

లైసెన్సు వచ్చింది. వాసవాంబ పేరు మీద. మూడుసార్లు చదివించుకుంది. రోగులకు మాత్రమే ఇవ్వాలి, రిజిస్టరులో పేరు, వయసు, రోగం రాయాలి, ఇవి షరతులు. చట్రం కట్టించి పెట్టమంది.

సాయంత్రం అలవాటుకొద్దీ మోకాలి మాట ఎత్తాను. రూల్ ఒప్పుకోదు, మీకు నొప్పి యాడుండాది అంది. పదారేండ్ల నుంచి తెలుసునంది. మరి ఎందుకు పోశావంటే, ఒకరు ఆశగా అడుగుతాంటే చేసేదానికి మనసొస్తాది గదండీ అంది.

9 జూలై

పంకజాక్షికి ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. పిల్ల ముక్కు మా వాళ్ళది, పాపం.

18 జూలై

పంకజ పదో రోజుకే తనంతట తాను లేచి తిరుగుతోంది. రంగు వచ్చింది. అరిష్టం పనిచేసింది. ముక్కు మూసుకుని, కళ్ళు మూసుకుని మింగుతుంది, వెంటనే బెల్లంముక్క వేసుకుంటుంది. వీధిలో తక్కిన బాలింతలూ అంతే. సీసా కొంగున దాచుకుని వెళ్ళిపోతారు. ఇదివరకు ఇంకో చుక్క పోయమ్మా అని వసారాలో ఒక పూటంతా కూర్చునేవాళ్ళు.

వాసవాంబ జాడీ పక్కన పీట వేసుకుని ఉంది. జాడీలో సగం అట్లే ఉంది. వచ్చే ఏడు ఒకటి చాల్లెండి, ఎవరికని చేసేది అంది. ఆ గొంతు నాకు నచ్చలేదు.

21 జూలై, ఆదివారం

నొప్పేమీ లేదు, ఊరికే పోయమన్నాను. రిజిస్టరు ముందు పెట్టింది. రాజగోపాలయ్య, 57, రోగం లేదు అని రాశాను. చెవుల దాకా చేదు. గ్లాసు ఖాళీ చేసి ఇచ్చాను. లోపలికి పోతూ, వచ్చే ఏడుకు రెండు జాడీలకూ ద్రాక్ష తెప్పించమంది.