మెడకి కుడివైపు

12 జూన్ 2006, ఉదయం 6
దవడ కింద రేగుపండంత ముద్ద. నొప్పి లేదు. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టూల్స్ చెప్తాను, మైకు లేకుండా రోజూ మూడు బ్యాచ్‌లకి అరిస్తే మెడ వాయదా మరి! చున్నీ చుట్టుకుని క్లాసుకి వెళ్తున్నాను.

20 జూన్
మా ఆయన దుర్గేష్ గోల పడలేక పంజాగుట్టలో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. సూది గుచ్చి నీళ్ళు లాగారు. డికాషన్ రంగు. ముద్ద మాయం! రిపోర్టులో సిస్ట్, అంటే నీటితిత్తి అని, కేన్సర్ కణాలు కనబడలేదని ఉంది. అయినా థైరాయిడ్ స్కాన్ చేయించమన్నారు డాక్టర్. పక్కన వాస్తే ముందున్న థైరాయిడ్‌తో ఏం పని? సాయంత్రం కొత్త బ్యాచ్‌కి డెమో క్లాసు ఉంది. స్కాన్‌కి వెళ్ళలేదు.

9 జులై
మళ్ళీ వచ్చింది.

22 జులై, మధ్యాహ్నం
ఏమీ అర్థం కావడం లేదు. రక్తపరీక్షలో థైరాయిడ్ నార్మల్. స్కాన్‌లో మాత్రం దాని లోపల కందిగింజంత గడ్డ. దాన్నీ గుచ్చారు. కేన్సర్. థైరాయిడ్‌లో పుట్టి, చప్పుడు చెయ్యకుండా పక్కనున్న లింఫ్ గ్రంథిలోకి పాకి, అక్కడ నీళ్ళు పట్టిందట. ఇలాంటి సిస్టులన్నీ కేన్సర్ కావట. నాది అయింది.

ఒక స్క్రీన్‌లో ఎర్రర్ వస్తే తప్పు అక్కడే ఉందనుకోవద్దని స్టూడెంట్స్‌కి రోజూ చెప్పేది నేనే. సిగ్గులేదు నాకు!

పైగా ఇది మంచి కేన్సరట, చాలామందికి నయమవుతుందట. దుర్గేష్ లిఫ్టులో నవ్వాడు, వెంటనే ఏడ్చాడు. నేనేం చెయ్యాలి? సంతోషించాలా?

23 జులై
ఆపరేషన్ తప్పదు. గొంతు నరం థైరాయిడ్‌కి ఆనుకునే ఉంటుందట. ఎక్కువమందికి ఏమీ కాదు. కొందరికి గొంతు బొంగురుపోయి నెమ్మదిగా తిరిగొస్తుంది. కొందరికి రాదు. ఇక్కడ స్టూడెంట్స్ ఉచితంగా డెమో విని, ట్రైనర్ చెప్పే తీరు నచ్చితేనే చేరతారు. నా గొంతు రోడ్డు మీదికి వినబడుతుందని పేరు.

ఇన్‌స్టిట్యూట్ ఓనర్ రాజనర్సయ్యగారికి చెప్పాను. ఫికర్ చెయ్యకుండ్రి మేడం, ముందుగాల జర పానం జూస్కోండ్రి, బ్యాచ్ యాడికి పోతది అన్నారు. ప్రాణం కన్నా గొంతు గురించే ఎక్కువ భయంగా ఉంది. ఇదేం బుద్ధో!

4 ఆగస్టు
ఆపరేషన్ అయింది. థైరాయిడ్‌నీ, పక్కన పాకిన గ్రంథుల్నీ పూర్తిగా తీసేశారట. ‘ఈ’ అనమన్నారు డాక్టర్. అన్నాను. గాలి మాత్రమే వచ్చింది. కొన్నాళ్ళు చూద్దాం అన్నారు.

9 అక్టోబర్
డెమో. గది నిండింది, అందరూ నా పేరు విని వచ్చినవాళ్ళే. బోర్డు దగ్గర నిలబడి, మిగిలిన బొంగురు గొంతుతోనే ఆరంభించాను. కాసేపటికి ముందు బెంచీ అమ్మాయి లేచి, ట్రైనర్ మేడం ఎప్పుడొస్తారక్కా అని అడిగింది.

వస్తారు, కూర్చోమన్నాను.