క్లిక్కు కూడా ఆలస్యమే

ప్రియమైన అమ్మకు,

చిన్నప్పుడు వంటింటి డబ్బాలన్నీ వాయించిన నీ డబ్బా పిల్ల రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ నాన్నా కులాసా. ఎప్పుడూ ఈ వాక్యం తర్వాత నీ క్షేమం తెలియజేయమని రాసేదాన్ని. ఈసారి అడగడం లేదు, నేనే తెలియజేస్తున్నాను: నువ్వు క్షేమంగా ఉన్నావు. నీ చేతికి ఏ జబ్బూ లేదు. కుడి చేతికీ లేదు, ఎడమ చేతికీ లేదు.

ఈ మాట మొన్న ఫోనులో చెబితే నువ్వు నమ్మలేదు. "నా మనసు కుదుటపడాలని చెప్తున్నావు. ఫోన్లో నీ గొంతు ఎన్ని కబుర్లైనా చెప్తుంది. కాగితం మీద పెట్టు, కూర్చుని చదువుకుంటా" అన్నావు. అందుకే పెడుతున్నాను. రాసింది ఫొటో తీసి ముందు నీ ఫోనుకు పంపుతాను, కాగితం వెనకాల పోస్టులో వస్తుంది. ఓడరేవులో ఆ క్రేన్ దిగిపోయి కింద పనికి మారతానని మీ సూపర్‌వైజరుకు చెప్పకముందే ఇది మొత్తం చదువు. చదివాక కూడా దిగిపోవాలనిపిస్తే నీ ఇష్టం. అనిపించదులే.

నాన్న సంగతి అడిగావు. బాగానే ఉన్నాడు. ఆయన నడిపే స్కూలు బస్సుకు కొత్త సీట్లు వేశారు, దాంతో ఆయన నడక కూడా మారిపోయింది. సాయంత్రం పిల్లలందరూ దిగిపోయాక ఖాళీ బస్సులో నేను కంప్యూటరులో చేసే బీట్లు పెట్టించి వినడం మాత్రం మానలేదు. నా గదిలో ఉన్న మంచి స్పీకర్లలో ప్రతి బీటూ గొప్పగానే ఉంటుంది. ఆ బస్సులోని పగిలిన స్పీకరులో కూడా నిలబడితేనే అది బీటు. మొన్న ఒకటి వినిపిస్తే, "అమ్మడూ, సెకండ్ గేరులో నీ పాట ఉంది, థర్డ్ గేరులో లేదు" అన్నాడు. నవ్వు ఆపుకుని మళ్ళీ వింటే నిజమే. ఇంజన్ హోరు, నా బేసు ఒకే చోట కూర్చుని ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి. నువ్వు కూడా నీ బీటును ఫోను స్పీకరులో ఒకసారి, కొత్త ఇయర్‌ఫోన్లు కొన్నాక వాటిలో ఒకసారి విను. సౌండు బాగా తగ్గించి కూడా విను. అంత తక్కువలో కూడా తల ఊగితే బీటు కుదిరినట్టే.

ఇక నువ్వు చేస్తున్న బీటు గురించి ఉత్తరంలో అడిగిన ప్రశ్నలకు వస్తాను. "ధమ్ కొట్టిన చోటే బేసు కూడా పెడితే బురదలా ఎందుకు అవుతోంది?" అని అడిగావు. ధమ్, అంటే ఆ కిక్ దెబ్బ, బేసు రెండూ లావుపాటి మనుషులు. ఒకే గుమ్మంలోంచి ఒకేసారి దూరాలని చూస్తున్నారు. కిక్ పడిన క్షణంలో బేసును కొంచెం తగ్గించు. లేదా బేసును ఒక్క అడుగు వెనక్కి జరుపు. కిక్ లోపలికి వెళ్ళాక బేసు వస్తుంది, ఇద్దరికీ గౌరవం దక్కుతుంది. మన పాత ఇంట్లో బీరువా లోపలికి ఎక్కించినప్పుడు నువ్వు నాన్న మీద అరిచిన అరుపులు గుర్తు తెచ్చుకో, పద్ధతి అదే.

"నా హైహ్యాట్ కుట్టుమిషనులా ఎందుకు ఉంది?" అన్నావు. అన్ని దెబ్బలకూ ఒకే బలం ఇచ్చావు కాబట్టి. ఆ సన్నటి చిక్ చిక్‌లలో ఒకటి గట్టిగా ఉండాలి, దాని పక్కది గొణిగినట్టు ఉండాలి. కింద ఒక్కో దెబ్బ బలం చూపే పుల్లల్లాంటివి కనిపిస్తాయి చూడు, వాటిని పట్టుకుని కొన్నింటిని కుదించు. చేత్తో వాయించేవాడికి ఏ రెండు దెబ్బలూ ఒకేలా రావు. కంప్యూటరుకు మాత్రం అన్నీ ఒకేలా వస్తాయి, పాపం దానికి విసుగు తెలియదు.

"ఇంకా ఏం కలపాలి?" అనే ప్రశ్నకు మాత్రం కోపం వచ్చింది. కలపకు! నువ్వు పంపినదాంట్లో ఇప్పటికే పియానో ఉంది, ఫ్లూటు ఉంది, తలుపు కిర్రుమన్న చప్పుడు ఉంది, ఎందుకో గుర్రం సకిలింపు కూడా ఉంది. ఆ గుర్రం ఎక్కడిదమ్మా? బీటు మీద ఒక మనిషి వచ్చి మాటలు చెప్పాలి. ఆ మనిషికి కూర్చునే చోటు ఉంచాలి. నా దగ్గరికి వచ్చే ర్యాపర్లలో ఒకడు ఉన్నాడు, పగలు గాజు తలుపులు బిగించే పని చేస్తాడు. వాడు వినగానే మొదట అడిగేది ఒకటే: "ఇందులో నేనెక్కడ నిలబడాలి?" జవాబు చెప్పలేకపోతే అక్కడికక్కడే రెండు వాయిద్యాలు తీసేస్తాను. ముందు గుర్రాన్ని తీసెయ్.

కానీ కంటైనరు కిందికి దిగి నేలకు ఆనినప్పుడు వచ్చిన ఆ చప్పుడును ఫోనులో పట్టుకుని, టప్‌మనే స్నేరు దెబ్బ కింద పెట్టావు చూడు, ఆ ముక్కకు నీకు చేతులెత్తి దండం. కొనుక్కున్న శబ్దాలు అందరి దగ్గరా ఉంటాయి. అది నీ క్రేన్ తప్ప ఇంకెవరూ ఇవ్వలేని శబ్దం. అలాంటివి ఇంకా పట్టు.

నర్సు పిన్ని గురించి కూడా అడిగావు. "నా రూమ్మేటుకు చూపు మందగించినట్టుంది. రోజూ సాయంత్రం నా చేతనే సూదిలో దారం ఎక్కిస్తోంది. చొక్కా గుండీలు కూడా నన్నే పెట్టమంటోంది. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళమని నొప్పించకుండా ఎలా చెప్పాలి?" అని రాశావు. చెప్పొద్దమ్మా. పిన్ని కళ్ళు గద్ద కళ్ళు. ఆ సూదులకూ గుండీలకూ కారణం నేను. ఇక్కడి నుంచి కొంచెం నిదానంగా చదువు.

నువ్వు పంపిన మొదటి బీటు గుర్తుందా? స్టీలు గిన్నెను చేత్తో వాయించి మైకులో రికార్డు చేశావు. సాఫ్ట్‌వేరులో దాన్ని పెద్దది చేసి చూశాను. తెరమీద నిలువు గీతలు ఉంటాయి కదా, దెబ్బ పడాల్సిన చోట్లు. నీ దెబ్బ ఒక్కటీ గీత మీద లేదు. అన్నీ గీత దాటాక పడ్డాయి. మొదట నవ్వాను. తర్వాత అమ్మమ్మ గుర్తొచ్చింది.

అమ్మమ్మ జబ్బులో చేతుల వణుకు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఆలస్యమే. గ్లాసు ఇస్తే చెయ్యి కాస్త ఆగి వచ్చేది, పిలిస్తే కాస్త ఆగి తిరిగేది. నీకూ తెలుసు. అందుకే నీ ఉత్తరంలో, "మా అమ్మకు కూడా ఇలాగే మొదలైంది" అని నువ్వే రాశావు. ఆ వాక్యం చదివి చాలాసేపు కాగితం కింద పెట్టలేకపోయాను. ఎందుకంటే అదే మాట నేను అప్పటికే మనసులో అనుకుని, నీకు తెలియకూడదని దాచిపెట్టాను.

దాచడానికి చేసిన నిర్వాకం ఇది. నీ దెబ్బలన్నింటినీ ఒక్క బటనుతో గీతల మీదికి లాగేసి, "బాగుందమ్మా!" అని తిరిగి పంపాను. నువ్వు గమనించవనుకున్నాను. అంత ఎత్తు నుంచి కంటైనరు మూలలను లారీ మీది కొక్కేలకు సరిపెట్టే మనిషివి, రెండు ఫైళ్ళు పక్కపక్కన పెట్టి తేడా కనిపెట్టలేవా? నా తెలివి తెల్లారినట్టే ఉంది. సరిచేశాను కాబట్టే నీకు అనుమానం వచ్చింది. నేను భయం దాస్తే అది నేరుగా నీ దగ్గరికి వచ్చి కూర్చుంది.

రెండో నిర్వాకం, పిన్నికి ఫోను చేయడం. నీ చేతులు ఓ కంట కనిపెట్టమని బతిమాలాను. టీ కప్పు వణుకుతోందేమో చూడమని మాత్రమే అన్నాను. ఆవిడ నర్సు కదా, పూర్తి పరీక్షలు మొదలుపెట్టింది. సూదులూ గుండీలూ అవే. రెండు రోజులకోసారి ఫోను చేసి, "మీ అమ్మ చేతులకేం? నా కన్నా వేగంగా ఎక్కిస్తోంది. ఇప్పుడు నా బట్టలన్నీ కుట్టడం కూడా అయిపోయింది, ఇంకేం చింపాలో చెప్పు" అనేది. అయినా నాకు నమ్మకం కుదరలేదు. సూది అబద్ధం చెప్తుందేమో గానీ గీత చెప్పదనుకున్నాను. చూశావా, ఎంత మూర్ఖత్వమో!

నాన్నకు చెప్పలేదు. కానీ ఆయనకు తెలిసిపోయింది. ఒకరోజు బస్సులో నీ గిన్నె మోత పెడితే విని, రెండోసారి పెట్టమనలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. "మీ అమ్మ ఎప్పుడూ తొందర మనిషి కదరా" అన్నాడు. బండి స్టార్టు చేశాడు.

పోయిన వారం నీ రెండో రికార్డింగు వచ్చింది. ఇయర్‌ఫోన్ల తీగ తెగిపోయిందనీ, అందుకే తాళం లెక్క చెప్పే ఆ క్లిక్కును స్పీకరులోనే పెట్టుకుని వాయించాననీ, ఆ టిక్ టిక్ కూడా మైకులో పడిపోయిందనీ, తిట్టొద్దనీ రాశావు. తిట్టడానికే తెరిచాను. నా దగ్గర రికార్డింగుకు వచ్చేవాళ్ళందరికీ మొదటి రోజే చెప్తాను, క్లిక్కు చెవిలోనే ఉండాలి, మైకులోకి రాకూడదని. ఎక్కడెక్కడ పడిందో చూద్దామని పెద్దది చేశాను.

అమ్మా, ఆ టిక్ కూడా గీత మీద లేదు.

గీతలను లెక్కపెట్టి మోగేదే ఆ క్లిక్కు. తన గీతకు తానే ఆలస్యంగా ఎలా వస్తుంది? కొలిచాను. నీ దెబ్బ ఎంత వెనక ఉందో క్లిక్కూ అంతే వెనక ఉంది. మొదటి నుంచి చివరి దాకా అదే తేడా, వెంట్రుక వాసి కూడా మారలేదు. అమ్మమ్మ జబ్బు కంప్యూటరుకు రాదు కదా. కుర్చీలోంచి లేచి నాన్నను అరిచి పిలిచాను. ఆయన సబ్బు నురగతో స్నానాల గదిలోంచి తల బయటపెట్టాడు. "క్లిక్కు కూడా ఆలస్యమే నాన్నా!" అన్నాను. ఆయనకు ముక్క అర్థం కాలేదు. కానీ నా మొహం చూసి, "అయితే మీ అమ్మకు ఏం లేదా?" అని అడిగాడు. లేదన్నాను. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయి చాలాసేపు నీళ్ళు పోసుకున్నాడు.

జరిగింది ఇది. మైకులోంచి వచ్చిన శబ్దాన్ని కంప్యూటరు వెంటనే రాసుకోదు. కొంచెం పోగు చేసుకుని అప్పుడు రాసుకుంటుంది. బస్సు నిండితే గానీ కదలని డ్రైవరు లాంటిది. ఎంత పోగు చేసుకోవాలో చెప్పే సెట్టింగును బఫర్ అంటారు. అది పెద్దదిగా ఉంటే శబ్దం చిటపటలాడదు కానీ ఆలస్యంగా చేరుతుంది. నువ్వు సరైన సమయానికే కొట్టావు, అది ఆలస్యంగా రాసుకుంది. నీకు ఇచ్చిన పాత ల్యాప్‌టాప్ చిటపటలాడుతోందని ఆ బఫర్ పెద్దది చేసింది నేనే, మర్చిపోయిందీ నేనే. వేరే ఎవరైనా ఆలస్యంగా ఉన్న రికార్డింగు పంపితే నోట్లోంచి మొదట వచ్చే మాట బఫర్ చూసుకో అనే. నీ విషయం అనేసరికి నేర్చుకున్నదంతా గాలికి పోయింది, భయం ఒక్కటే మిగిలింది. నన్ను క్షమించు. చెయ్యి గురించి అబద్ధం చెప్పినందుకు కాదు, అది చెప్పలేదు. నీకంటే ముందే భయపడి, ఆ భయంలో నిన్ను ఒంటరిగా వదిలేసినందుకు.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. సెట్టింగుల్లో ఆడియో అనే చోట బఫర్ సంఖ్యను తగ్గించు. చిటపట వస్తే ఒక్క మెట్టు పెంచు. రికార్డు చేసేటప్పుడు తక్కువ ఉండాలి, అంతా అయిపోయి శబ్దాలు సర్దుకునేటప్పుడు ఎక్కువ ఉన్నా పర్వాలేదు. ఇది బీట్లు చేసేవాళ్ళు మొదట నేర్చుకోవాల్సిన పాఠం, నేను నీకు చివర చెప్తున్నాను. పిన్నికి కూడా చెప్పు, ఇక బట్టలు చింపుకోనక్కర్లేదని.

నీ రికార్డింగు మొత్తాన్ని ఒకే ముక్కగా పట్టుకుని, క్లిక్కు గీత మీదికి వచ్చేదాకా ముందుకు జరిపాను. ఒక్క దెబ్బను కూడా విడిగా ముట్టుకోలేదు. అన్నీ వాటంతట అవే వచ్చి గీతల మీద కూర్చున్నాయి. నాన్నా నేనూ పక్కపక్కన కూర్చుని చూశాం. ఒక్క చోట మాత్రం దెబ్బ నిజంగానే ఆలస్యంగా ఉంది, అది జరపడంతో పోలేదు. సౌండు పెంచి విన్నాం. వెనకాల పిన్ని తుమ్మింది. ఆపైన నువ్వు పకపకా నవ్వావు. నవ్వి, గిన్నె అందుకుని, కొట్టావు.

ఇట్లు,
నువ్వు క్రేన్ ఎక్కావని వినడానికి ఫోను పక్కనే పెట్టుకున్న
నీ కూతురు
డబ్బా పిల్ల